సగటు మెరుగైనా అంతరం ఎందుకు తగ్గదు? షుగర్ చికిత్సలో అసమానతలపై పరిశోధనలు చెబుతున్నదేమిటి

ప్రపంచంలో డయాబెటిస్ ఉన్న పెద్దవాళ్లు 82.8 కోట్ల మంది. 2022 నాటి పరిస్థితిని లెక్కగట్టి 2024 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇచ్చిన అంకె ఇది. వార్తల్లో ఎక్కువగా తిరిగింది కూడా ఇదే. కానీ అందులో ఇంకో అంకె ఉంది, అది ఇంతకన్నా కలవరపెడుతుంది. 30 ఏళ్లు దాటినవాళ్లలో జబ్బు ఉండి కూడా దానికి ఏ మందూ వాడనివాళ్లు 44.5 కోట్ల మంది. వందకు 59 మంది అన్నమాట. 1990తో పోలిస్తే వీళ్ల సంఖ్య సుమారు మూడున్నర రెట్లయింది.

మందు లేక వచ్చిన ఇబ్బంది కాదిది. ఇన్సులిన్ చేతికొచ్చి నూరేళ్లు దాటింది. మెట్‌ఫార్మిన్ పాత మందు, చవకైన మందు. షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే టైప్ 1 (శరీరం ఇన్సులిన్‌ను తయారుచేసుకోలేని రకం) రోగుల్లో కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని 1993లోనే డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం తేల్చింది. 1998లో బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అనే అధ్యయనం టైప్ 2 (పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం) విషయంలోనూ దాదాపు అదే దారిలో సాక్ష్యం ఇచ్చింది. ఏం చేయాలో తెలిసి ముప్పై ఏళ్లవుతున్నా, కొందరికి కాళ్లు పోతున్నాయి, కొందరు డయాలసిస్ దాకా వెళ్తున్నారు. ఆ కొందరు ఎవరో చూస్తే ఎక్కడైనా ఒకే తీరు కనిపిస్తుంది: డబ్బు తక్కువున్నవాళ్లు, ఆస్పత్రికి దూరంగా ఉండేవాళ్లు, సమాజంలో అంచులకు నెట్టబడ్డవాళ్లు.

అసమానతల మీద పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. ఏ మందు పనిచేస్తుందన్నది దాని ప్రశ్న కాదు. పనిచేసే మందు ఎవరి దాకా రావడం లేదు, ఏ మెట్టు దగ్గర ఆగిపోతోంది, ఏం చేస్తే ముందుకు కదులుతుంది అన్నది దాని ప్రశ్న.

ప్రతి తేడా అన్యాయం కాదు

డెబ్బై ఏళ్లవాళ్లలో టైప్ 2 డయాబెటిస్ ఇరవై ఏళ్లవాళ్లలో కన్నా ఎక్కువ. ఇది తేడానే, కానీ ఎవరూ దీన్ని అన్యాయం అనరు. అదే, ఒకే వయసు, ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరికి కంటి పరీక్ష ఏటా జరుగుతూ, ఇంకొకరికి చూపు మసకబారేదాకా జరగకపోతే అది వేరే సంగతి. 1990ల మొదట్లో మార్గరెట్ వైట్‌హెడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కోసం రాసిన పత్రంలో ఈ గీత గీశారు: తప్పించగలిగి ఉండీ తప్పించని తేడా, న్యాయం కాని తేడా మాత్రమే అసమానత.

చదవడానికి తేలిగ్గా ఉంది గానీ వాడకంలో తగాదాలు తప్పవు. 'తప్పించగలిగినది' అని ఎవరు నిర్ణయిస్తారు? వ్యాయామం చేయకపోవడం ఆ మనిషి ఇష్టమా, లేక రెండు షిఫ్టులు పనిచేసి ఇంటికొచ్చేవాడికి మరో దారి లేకపోవడమా? ఈ రంగంలో చాలా వాదనలు తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

ఏ మెట్టు దగ్గర జారిపోతున్నారు?

దీర్ఘకాలిక జబ్బుకు చికిత్స ఒక్కసారి అయిపోయే పని కాదు. ముందు జబ్బుందని తెలియాలి. తర్వాత మందు మొదలవ్వాలి. దాన్ని ఆపకుండా వాడాలి. చివరికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులోకి రావాలి. ప్రతి మెట్టు దగ్గరా కొంతమంది జారిపోతారు. పరిశోధకులు ముందుగా చేసే పని ఏ గుంపులో ఎంతమంది ఏ మెట్టు దాకా వచ్చారో లెక్కపెట్టడం.

ఊహించిన అంకెలతో చూద్దాం. డయాబెటిస్ ఉన్న వందేసి మందితో రెండు గుంపులు. మొదటి గుంపులో 85 మందికి జబ్బు సంగతి తెలుసు, 75 మంది మందు వాడుతున్నారు, 45 మందికి అదుపులో ఉంది. రెండో గుంపులో తెలిసినవాళ్లు 50, వాడుతున్నవాళ్లు 42, అదుపులో ఉన్నది 25 మందికి. చివరి అంకెలు మాత్రమే చూస్తే, రెండో గుంపువాళ్లు మందు సరిగా వేసుకోవడం లేదు, వాళ్లకు అవగాహన తరగతులు పెట్టాలి అనిపిస్తుంది. కానీ మందు వాడుతున్నవాళ్లలో ఎంతమందికి అదుపులో ఉందో చూడండి: మొదటి గుంపులో 75లో 45, అంటే 60 శాతం. రెండో గుంపులో 42లో 25, అదీ 60 శాతమే. మందు చేతికందాక ఇద్దరూ ఒకేలా ఉన్నారు. అంతరమంతా మొదటి మెట్టు దగ్గర, జబ్బును గుర్తించడంలో ఉంది. ఇక్కడ అవగాహన తరగతులు ఎన్ని పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు. ఉచిత మందులు కూడా, జబ్బుందని తెలిసినవాడికే కదా ఉపయోగపడేది.

ఇప్పుడు మూడో గుంపును ఊహించుకోండి. అక్కడ 84 మందికి తెలుసు, 74 మంది మందు మొదలుపెట్టారు, అదుపులో ఉన్నది 22 మందికే. ఇక్కడ పరీక్షా శిబిరాలు దండగ. ఖర్చు భరించలేకో, ఆస్పత్రి దూరమయ్యో, డోసు సరిచేసే డాక్టరు లేకో చివరి మెట్టు దగ్గర ఆగిపోయారు. అమెరికాలోని యేల్ వర్సిటీ పరిశోధకులు ఒక డయాబెటిస్ కేంద్రంలో అడిగినప్పుడు, నలుగురిలో ఒకరు ఖర్చు వల్ల ఇన్సులిన్‌ను చెప్పినదానికన్నా తక్కువ వాడుతున్నట్టు తేలింది. అలాంటివాళ్ల రికార్డులో 'చికిత్సలో ఉన్నారు' అనే ఉంటుంది. జబ్బేమో అదుపులో ఉండదు.

ఒకే సమాచారం, రెండు శీర్షికలు

ఈ విషయం మీద వార్తలు చదివినప్పుడు గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఒక దేశంలో డయాబెటిస్ వల్ల వచ్చే మరణాలు డబ్బున్నవాళ్లలో వెయ్యికి 10, డబ్బు లేనివాళ్లలో 20 అనుకుందాం. పదేళ్లకు అవి 4, 10 అయ్యాయి. అంతరం తగ్గిందా, పెరిగిందా?

తీసివేత చేస్తే తగ్గింది: అప్పుడు 10, ఇప్పుడు 6. భాగహారం చేస్తే పెరిగింది: అప్పుడు రెండు రెట్లు, ఇప్పుడు రెండున్నర రెట్లు. ప్రభుత్వం మొదటి లెక్క చెబుతుంది, విమర్శకులు రెండోది చెబుతారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. అందుకే మంచి అధ్యయనాలు రెండు లెక్కలూ పక్కపక్కనే ఇస్తాయి. ఒక్కటే ఇచ్చిన నివేదికను కాస్త అనుమానంగా చూడటంలో తప్పులేదని నా అభిప్రాయం.

సగటు ఇంకా పెద్ద మాయ చేస్తుంది. ఒక కొత్త పథకం వల్ల ఉన్నవాళ్లలో జబ్బు అదుపులో ఉన్నవాళ్లు 60 నుంచి 80 శాతానికి, లేనివాళ్లలో 40 నుంచి 45 శాతానికి పెరిగారనుకోండి. రెండు గుంపులూ సమానమైతే సగటు 50 నుంచి 62.5కి ఎగబాకింది. పథకం విజయవంతం! అంతరం మాత్రం 20 నుంచి 35 అయింది.

ఇది ఉత్తి ఊహ కాదు. వేల్స్ గనుల ప్రాంతంలో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో, మంచి వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది తక్కువగా దొరుకుతుందని రాశారు. 2000లో బ్రెజిల్ పరిశోధకుడు సీజర్ విక్టోరా బృందం పిల్లల ఆరోగ్య పథకాలను పరిశీలించి ఒక అడుగు ముందుకు వేసింది. కొత్త సదుపాయం ఏది వచ్చినా ముందు ఉన్నవాళ్లే అందుకుంటారు, అంతరం పెరుగుతుంది. వాళ్లు ఇక మెరుగుపడటానికి చోటు లేనంతగా మెరుగుపడ్డాకే కిందివాళ్లు అందుకోవడం మొదలై అంతరం తగ్గుతుంది. ఈ లెక్కన అంతరం కొన్నాళ్లు పెరగడం పథకం చెడ్డదనడానికి రుజువు కాదు. అయితే ఆ 'కొన్నాళ్లు' ఎన్నేళ్లన్నది ఎవరికీ పట్టకపోవడమే అసలు ఇబ్బంది.

తగ్గిన ఉదాహరణ కూడా ఉంది. 2004లో బ్రిటన్ ప్రభుత్వం కుటుంబ డాక్టర్లకు నాణ్యత ఆధారంగా చెల్లింపులు మొదలుపెట్టింది. బీపీ చూశారా, షుగర్ అదుపులో ఉందా వంటి గుర్తులకు మార్కులు, మార్కులకు డబ్బులు. ఇంగ్లండ్‌లో అత్యంత పేద ప్రాంతాల క్లినిక్‌లకు, సంపన్న ప్రాంతాల క్లినిక్‌లకు మధ్య మార్కుల తేడా తొలి ఏడాది 4 శాతం ఉండగా మూడో ఏడాదికి 0.8 శాతానికి దిగింది. మార్కులున్న పనులే జరిగాయి, లేనివి పక్కకుపోయాయి అన్న విమర్శ కూడా వచ్చింది. అదీ తోసిపుచ్చదగ్గది కాదు.

కొలిచే పరికరమే పక్షపాతం చూపితే

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అందరికీ తెలిసిందే. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత అతుక్కుందో అది కొలుస్తుంది. 6.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే డయాబెటిస్. ఎర్రకణం మూడు నెలలపాటు బతుకుతుందన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడి ఉంది. ఆ కణాలు ముందే చనిపోయేవాళ్లలో చక్కెర అతుక్కోవడానికి సమయం చాలదు, రిపోర్టు తక్కువ చూపిస్తుంది.

ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో కొందరికి జీ6పీడీ అనే జన్యువులో ఎర్రకణాల ఆయుష్షు తగ్గించే ఒక మార్పు ఉంటుంది. 2017లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం ప్రకారం ఈ మార్పున్న మగవాళ్లలో రిపోర్టు దాదాపు 0.8 తక్కువ వస్తుంది. అంటే అసలు 6.9 రావాల్సిన మనిషికి 6.1 వస్తుంది. షుగర్ లేదని ఇంటికి పంపేస్తారు. ఒక్క హెచ్‌బీఏ1సీనే నమ్ముకుంటే అమెరికాలో సుమారు 6.5 లక్షల మంది ఆఫ్రికన్ అమెరికన్ల జబ్బు కనబడకుండా పోతుందని ఆ పరిశోధకులు అంచనా వేశారు. ఇక్కడ డాక్టరు వివక్ష చూపలేదు, ల్యాబ్ తప్పు చేయలేదు. ఒక గీత అందరికీ ఒకేలా గీశారు, అంతే.

బరువు కొలత కథా ఇంతే. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే బీఎంఐ 30 దాటితే ఊబకాయం అని ఎక్కువగా తెల్లజాతివారి సమాచారం చూసి పెట్టారు. 2021లో ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షల మంది రికార్డులు పరిశీలిస్తే, తెల్లవారికి 30 దగ్గర ఉండే డయాబెటిస్ ముప్పు దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు 23.9 దగ్గరే ఉంది. చైనా మూలాలవారికి 26.9, నల్లజాతివారికి 28.1. చూడటానికి సన్నగా ఉన్నాడు కదా అని పరీక్ష వాయిదా వేస్తే తప్పిపోయేది వీళ్లే.

మరి జాతిని బట్టి లెక్క మారిస్తే సరిపోతుందా? కిడ్నీల విషయంలో అలాగే చేశారు, అది ఎదురు తిరిగింది. కిడ్నీ పనితీరును అంచనా వేసే సూత్రంలో (అంకె ఎంత ఎక్కువైతే కిడ్నీ అంత బాగున్నట్టు), రోగి నల్లజాతి మనిషైతే ఫలితాన్ని సుమారు 16 శాతం పెంచేవారు. అమెరికాలో కిడ్నీ మార్పిడి వరసలో నిలబడాలంటే ఆ అంకె 20 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఒకే రక్త పరీక్ష ఫలితంతో ఇద్దరు వచ్చారనుకోండి. ఒకరికి లెక్క 18 వచ్చింది, వరసలోకి వెళ్లారు. రెండోవారు నల్లజాతివారు కాబట్టి 18ని 1.16తో హెచ్చించారు. 20.9 వచ్చింది. వరసలో చోటు లేదు. 2021లో ఆ సర్దుబాటును తీసేసి కొత్త సూత్రం తెచ్చారు. 2023 జనవరి నుంచి, పాత లెక్క వల్ల వెనకబడ్డవాళ్లకు పోయిన కాలాన్ని తిరిగి జమ చేయాలని అక్కడి అవయవ మార్పిడి వ్యవస్థ ఆదేశించింది.

దీనికీ ఎదురువాదన ఉంది. సర్దుబాటు తీసేస్తే నల్లజాతివారి అంకెలు కిందికి దిగుతాయి, అప్పుడు మెట్‌ఫార్మిన్ లాంటి మందులు కొందరికి ముందుగానే ఆపేయాల్సి వస్తుంది, కిడ్నీ దానం చేయగలిగేవాళ్లూ తగ్గుతారు అని కొందరు నిపుణులు హెచ్చరించారు. జాతికి బదులు మనిషిలోనే నేరుగా కొలవగలిగింది కొలవాలన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న మధ్యేమార్గం. హెచ్‌బీఏ1సీ అనుమానంగా ఉంటే పరగడుపు షుగర్ చూడటం అలాంటిదే.

కంప్యూటర్‌కు అప్పగిస్తే ఈ గొడవ పోతుందనుకుంటే పొరపాటు. అమెరికా ఆస్పత్రుల్లో, అదనపు సాయం ఎవరికి ఇవ్వాలో తేల్చే ఒక అల్గారిథమ్‌ను 2019లో పరిశోధకులు విప్పి చూశారు. అది జబ్బు తీవ్రతకు కొలతగా వైద్యానికయ్యే ఖర్చును తీసుకుంది. నల్లజాతి రోగుల మీద అదే జబ్బుకు తక్కువ ఖర్చు పెడుతున్నారు కాబట్టి, వాళ్లకు జబ్బు తక్కువని అది అనుకుంది. ఆ లోపం సరిచేస్తే సాయానికి ఎంపికయ్యే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది.

మంగలి షాపులో ఫార్మసిస్టు

ఇంతవరకూ రోగనిర్ధారణ. అంతరం తగ్గించిన ప్రయోగాలు ఉన్నాయా అంటే ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినది లాస్ ఏంజెలెస్‌లో రొనాల్డ్ విక్టర్ అనే డాక్టరు బృందం చేసినది. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. విషయం బీపీ. డయాబెటిస్ ఉన్నవాళ్లలో గుండెనీ కిడ్నీలనీ షుగర్‌తో పాటు దెబ్బకొట్టేది అదే.

అమెరికాలో నల్లజాతి మగవాళ్లకు బీపీ వల్ల జరిగే నష్టం ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లడం తక్కువ. కానీ జుట్టు కత్తిరించుకోవడానికి ఏళ్ల తరబడి ఒకే షాపుకి వెళ్తారు. మంగలి మీద నమ్మకం ఉంటుంది. 52 షాపుల్లో, పై బీపీ 140 దాటిన 319 మందిని ఎంచుకున్నారు. షాపులను లాటరీ తీసినట్టు రెండు వరసలుగా విడదీశారు. ఒక వరసలో మంగళ్లు తమ కస్టమర్లకు బీపీ గురించి చెప్పి, అలవాట్లు మార్చుకోమని, డాక్టర్ని కలవమని ప్రోత్సహించారు. రెండో వరసలో ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టు నేరుగా షాపుకే వచ్చాడు. రోగి సొంత డాక్టరుతో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడే బీపీ చూసి, మందు రాసి, తగ్గకపోతే డోసు మార్చాడు.

ఆరు నెలలకు మొదటి వరసలో పై బీపీ సగటున 9.3 పాయింట్లు తగ్గింది. రెండో వరసలో 27 పాయింట్లు. 130/80 కన్నా కిందికి వచ్చినవాళ్లు మొదటి వరసలో 11.7 శాతం, రెండో వరసలో 63.6 శాతం.

ఈ ఫలితాన్ని చాలామంది 'సమాజాన్ని కలుపుకుంటే సాధ్యమే' అని చదువుతారు. కాస్త ఆగి చూస్తే అది సగం నిజమే. మంగలి రెండు వరసల్లోనూ ఉన్నాడు, నమ్మకం రెండు చోట్లా ఉంది. తేడా తెచ్చింది మందు రాయగల మనిషి, డోసు మార్చగల అధికారం ఆ కుర్చీ పక్కకి రావడం. డాక్టర్ని కలవమని చెప్పడానికీ, కలవాల్సిన అవసరమే లేకుండా చేయడానికీ మధ్య ఉన్న దూరం 18 పాయింట్లు.

బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంకల్లోని 30 గ్రామీణ ప్రాంతాల్లో 2,645 మంది మీద జరిగి 2020లో వెలువడిన ప్రయోగం చిన్న ఎత్తున ఇదే చెప్పింది. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు ఇంటికెళ్లి బీపీ చూడటం, సలహా ఇవ్వడం, అవసరమైనవాళ్లను శిక్షణ పొందిన డాక్టరు దగ్గరికి పంపడం. రెండేళ్లకు మామూలు వైద్యం అందిన గ్రామాల కన్నా పై బీపీ సుమారు 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. మంగలి షాపు అంకె పక్కన ఇది చిన్నదే. కానీ ఉన్న ప్రభుత్వ సిబ్బందితోనే చేశారు, అంటే రేపు దేశమంతా పెట్టగలిగేది ఇదే. ప్రభావం పెద్దదా, విస్తరించగలిగేదా అన్నది ఎప్పుడూ బేరమే.

ఇక పెద్ద ఎత్తున జరిగిన మార్పు ఒకటి చెప్పుకోవాలి. అమెరికా మూలవాసుల్లో డయాబెటిస్ తీవ్రత ఎక్కువ, దాంతో కిడ్నీలు పాడయ్యేవాళ్లూ ఎక్కువే. 1997లో వాళ్ల కోసం ప్రత్యేక నిధితో ఒక కార్యక్రమం మొదలైంది. జనాభా మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని పరీక్షలు చేయడం, కిడ్నీలను కాపాడే బీపీ మందులు తొందరగా మొదలుపెట్టడం, నర్సులు, ఆహార నిపుణులు, సమాజ కార్యకర్తలు బృందంగా పనిచేయడం. కిడ్నీలను కాపాడే మందులు వాడేవాళ్లు అయిదేళ్లలో 42 నుంచి 74 శాతానికి పెరిగారు. 1996, 2013 మధ్య డయాబెటిస్ వల్ల కిడ్నీలు విఫలం కావడం 54 శాతం తగ్గింది. ఇది లాటరీ పద్ధతిలో జరిగిన ప్రయోగం కాదు కాబట్టి ఎంత తగ్గుదల దేనివల్లో విడదీసి చెప్పలేం. అయినా ఇందులో కొత్త మందేమీ లేదన్నది గమనించాలి.

మంచి ఉద్దేశం చాలనప్పుడు

అన్నీ ఇలా ఫలించలేదు. ఫలించనివి చెప్పుకోకపోతే ఈ రంగం సగమే అర్థమవుతుంది.

2023 డిసెంబరులో వచ్చిన ఒక ప్రయోగంలో హెచ్‌బీఏ1సీ 8 పైన ఉండి, ఇంట్లో సరైన తిండికి ఇబ్బంది పడుతున్న 465 మందిని తీసుకున్నారు. సగం మందికి ఏడాదిపాటు కుటుంబానికంతటికీ వారానికి పది పూటల భోజనానికి సరిపడా ఆరోగ్యకరమైన సరుకులు ఉచితంగా ఇచ్చారు. ఆహార నిపుణుల సలహా, నర్సుల పర్యవేక్షణ అదనం. ఆరు నెలలకు వాళ్ల హెచ్‌బీఏ1సీ 1.5 తగ్గింది. ఇక్కడితో ఆపేస్తే పండగ చేసుకోవచ్చు. కానీ ఏమీ ఇవ్వని రెండో గుంపులోనూ 1.3 తగ్గింది. మధ్యలో మిగిలిన తేడా లెక్కలోకి వచ్చేంత కాదు.

ఏమీ చేయకుండానే ఎలా తగ్గింది? షుగర్ ఎప్పుడూ ఒకే చోట ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక మనిషి హెచ్‌బీఏ1సీ ఏడాది పొడుగునా 8, 9.5 మధ్య ఊగుతుందనుకోండి. '9 దాటినవాళ్లను మాత్రమే చేర్చుకుంటాం' అంటే అతను పైన ఉన్న రోజున దొరుకుతాడు. ఆరు నెలల తర్వాత చూస్తే కిందికి రావడానికే అవకాశం ఎక్కువ. కొంత పథకం, కొంత మామూలు వైద్యం, చాలావరకు ఆ ఊగడమే. గణాంకవేత్తలు దీన్ని సగటు వైపు తిరుగుముఖం పట్టడం అంటారు. అత్యంత జబ్బుగా ఉన్నవాళ్లను ఏరి సాయం చేసే పథకాలన్నిటికీ ఈ చిక్కు ఉంటుంది.

న్యూజెర్సీలోని కామ్డెన్ నగరంలో జరిగింది దీనికి పేరుపొందిన ఉదాహరణ. పదే పదే ఆస్పత్రిలో చేరే రోగులకు నర్సులు, సామాజిక కార్యకర్తలతో వెన్నంటి సాయం చేసే కార్యక్రమం దేశమంతా మెప్పు పొందింది. ముందూ వెనకా పోల్చి చూస్తే ఆస్పత్రి చేరికలు 38 పాయింట్లు తగ్గినట్టు కనిపించింది. 2020లో 800 మందితో లాటరీ పద్ధతిలో పరీక్షిస్తే, 180 రోజుల్లో తిరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు సాయం అందిన గుంపులో 62.3 శాతం, అందని గుంపులో 61.7. తేడా లేదు. ఆ కార్యక్రమం నిర్వాహకులే ఈ పరీక్షకు ఒప్పుకున్నారన్నది మాత్రం వాళ్ల నిజాయితీకి గుర్తు.

వీటి నుంచి 'సామాజిక సాయం దండగ' అని తేల్చడం తొందరపాటు. ఆకలి తీర్చడం హెచ్‌బీఏ1సీ తగ్గకపోయినా మంచి పనే, ఆ లెక్క వేరు. ఆరు నెలలు చాలవని, అవసరమైనంత సాయం అందలేదని వాదించేవాళ్లున్నారు. పోలిక గుంపు లేని విజయగాథను మాత్రం ఇకమీదట అంత తేలిగ్గా నమ్మలేం.

క్లినిక్ గోడల అవతల

అసలు మూలం చికిత్సలో లేదు, బతుకుతెరువులో, ఇంటిలో, పరిసరాల్లో ఉంది అనేది ఇంకో పెద్ద వాదన. దీన్ని ప్రయోగంతో నిరూపించడం కష్టం. మనుషులను లాటరీ తీసి పేదరికంలో పెట్టలేం కదా. కానీ 1990ల మధ్యలో అమెరికా ప్రభుత్వం దాదాపు అలాంటిదే చేసింది, అటు నుంచి ఇటు. పేదరికం దట్టంగా ఉన్న ప్రభుత్వ గృహ సముదాయాల్లో ఉండే కుటుంబాల్లో కొన్నిటికి, పేదరికం తక్కువ ఉన్న ప్రాంతానికి మారితేనే చెల్లే అద్దె వోచర్లు లాటరీ పద్ధతిలో ఇచ్చింది. అయిదు నగరాలు, పిల్లలున్న 4,498 మంది మహిళలు. పది నుంచి పదిహేనేళ్ల తర్వాత రక్త పరీక్షలు చేస్తే, ఆ వోచరు అందినవాళ్లలో హెచ్‌బీఏ1సీ 6.5 దాటినవాళ్లు మిగతావాళ్ల కన్నా 4.3 శాతం పాయింట్లు తక్కువ. ఎవరికీ ప్రత్యేకంగా మందు ఇవ్వలేదు, ఆరోగ్య సలహా ఇవ్వలేదు. ఇల్లు మారింది, అంతే. ఎక్కడికైనా వెళ్లొచ్చన్న మామూలు వోచరు అందినవాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అయితే ఇందులో ఏ అంశం పనిచేసింది? నడవడానికి భద్రమైన వీధులా, తగ్గిన టెన్షనా, దగ్గర్లో మంచి దుకాణాలా? అధ్యయనం చెప్పలేదు. దేశంలో అందరినీ మంచి వీధులకు మార్చలేం కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు దొరకాల్సిందే.

పన్నుల దారి పట్టినవాళ్లూ ఉన్నారు. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. పేదవాళ్ల ఆదాయంలో పానీయాల ఖర్చు వాటా ఎక్కువ కాబట్టి భారమూ వాళ్లమీదే ఎక్కువని విమర్శ. తొలి ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గితే పేద కుటుంబాల్లో 9 శాతం తగ్గాయి. పన్ను భారం పేదలదైతే ఆరోగ్య లాభం కూడా వాళ్లదేనని సమర్థకులు అంటారు. తాగడం మానలేనివాడు రెండు వైపులా నష్టపోతాడన్నది మిగిలిపోయే అభ్యంతరం. పన్ను డబ్బు ఎవరి మీద ఖర్చు పెట్టారో తెలియకుండా ఈ వాదన తేలదు.

కొత్త మందుల ముందున్న పాత ప్రశ్న

1923లో ఇన్సులిన్ పేటెంటును బాంటింగ్, బెస్ట్, కాలిప్ టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. వందేళ్ల తర్వాత ప్రపంచ ఇన్సులిన్ మార్కెట్‌లో 90 శాతానికి పైగా మూడు కంపెనీల చేతిలో ఉంది. మందు కనిపెట్టినవాళ్ల ఉద్దేశం ఒకటి, అది నడిచిన దారి ఇంకొకటి.

ఇప్పుడు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి మందులు వచ్చాయి. షుగర్, బరువు తగ్గించడంతో పాటు, వీటిలో కొన్ని గుండెనీ కిడ్నీలనీ కాపాడతాయన్న సాక్ష్యం ఉంది. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు కొన్ని దేశాల్లో 2026లో ముగుస్తుంది, చవక రకాలు వస్తాయి. విక్టోరా చెప్పిన మొదటి దశ ఇప్పుడు కళ్లముందే నడుస్తోంది: ముందుగా అందుకుంటున్నది కొనగలిగినవాళ్లు. రెండో దశ ఎప్పుడొస్తుందన్నది ధర ఒక్కటే తేల్చదు. ఇంజెక్షన్‌ను చల్లగా ఉంచే ఫ్రిజ్, డోసు పెంచుకుంటూ పోయే డాక్టరు, జబ్బుందని ముందుగా తెలియడం, అన్నీ కావాలి. పైన చూసిన మెట్లే ఇవి.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ 2030కి లక్ష్యాలు పెట్టింది. డయాబెటిస్ ఉన్నవాళ్లలో 80 శాతం మందికి ఆ సంగతి తెలియాలి. తెలిసినవాళ్లలో 80 శాతం మందికి షుగర్ అదుపులో ఉండాలి. టైప్ 1 ఉన్నవాళ్లలో నూటికి నూరుమందికి భరించగలిగే ధరకు ఇన్సులిన్, ఇంట్లో షుగర్ చూసుకునే పరికరం అందాలి. మొదటి రెండూ నెరవేరాయనుకుని హెచ్చించి చూడండి: 80లో 80 శాతం, అంటే వందకు 64 మంది. మిగిలిన 36 మంది అన్ని వర్గాల నుంచీ సమానంగా వస్తారా, లేక ఒకే మూల నుంచి వస్తారా అన్నది ఈ జాతీయ సగటుల్లో కనిపించదు. అది కనిపించాలంటే ప్రతి దేశం తన లెక్కలను ఆదాయం, ప్రాంతం, లింగం, జాతి వారీగా విడదీసి ప్రకటించాలి.